సన్న తూటా, పెద్ద జంతువు

డబ్ల్యూ.డి.ఎమ్. బెల్ 1923లో ప్రచురించిన ‘వాండరింగ్స్ ఆఫ్ ఏన్ ఎలిఫెంట్ హంటర్’ను వేట ప్రియులు నేటికీ సాక్ష్యంగా చూపుతారు. ఆఫ్రికాలో ఆయన వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు; చాలావాటిని 7 మి.మీ. రైఫిలుతోనే. కాబట్టి పెద్ద జంతువుకు చిన్న తుపాకి చాలునని వారి వాదన.

‘చిన్న’ అన్న మాట దగ్గరే పొరపాటుంది. ఆ తూటా సన్ననిదే కాని పొడవైనది, బరువు 11.3 గ్రాములు. బరువును అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 28 గ్రాములు వస్తుంది. 48.6 గ్రాముల భారీ .577 తూటాకూ అంతే! కనుకనే రెండూ లోతుగా దిగుతాయి. మామూలు .22 తూటాకు మాత్రం పది గ్రాములే. పైగా బెల్ వాడినవి నలగని గట్టి తొడుగు తూటాలు, గురి మెదడుకు.

ఈ లెక్కను బస్తరుకు తెస్తే? బాసగూడ ఉన్న బీజాపూర్ జిల్లాలోని ఇంద్రావతి జాతీయ ఉద్యానవనం అడవి గేదెలకు పేరుపొందింది. వెదురు పొదల్లో మెదడు గురికి అందదు. కనిపించేది ఒంట్లో ఏదో ఒక ముక్క. సన్నని రంధ్రంతో గేదె వెంటనే పడదు, పరుగెత్తుతుంది. ఎక్కడో చస్తుంది. వేటగాడి పుస్తకంలో లెక్క పడినవాటిదే; తూటాతో వెళ్ళిపోయినది ఏ పట్టికలోకి ఎక్కుతుంది? ఈ వాదనలో అసలు లోపం ఇదే.

1991 సవరణతో మన దేశంలో వేట లైసెన్సులు రద్దయ్యాయి. ఈ గణితం ఇప్పుడు పనికొచ్చేది, చచ్చిన గేదె ఒంట్లో దొరికిన తూటా ఏ తుపాకిదో తేల్చేవారికి.