మాడు చెప్పే దారి

పసిబిడ్డకు నీళ్లు పోసే ముందు పెద్దవాళ్ల చెయ్యి మొదట మాడు మీదికే వెళ్తుంది. కాస్త ఆముదం వేసి వేళ్లతో మెల్లగా అద్దుతారు, చలువ చేస్తుందని. ఆముదం సంగతి ఎలా ఉన్నా, ఆ చోటు అంత మెత్తగా ఎందుకుందో తెలియాలంటే పురిటి గదిలోకి వెళ్లాలి. బిడ్డ ఇంకా కడుపులో ఉండగా దారి చెప్పేది ఆ మాడే.

పురుడంటే బిడ్డ తిన్నగా కిందికి జారిరావడం కాదు. తల్లి కటి వలయం గొట్టంలా ఉండదు. పై ద్వారం అడ్డంగా సుమారు 13 సెంటీమీటర్ల వెడల్పు, ముందు నుంచి వెనక్కి 11కు అటూ ఇటూ. కిందికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. అక్కడ అడ్డం 11కు తగ్గుతుంది, తోక ఎముక వెనక్కి ఒరిగి చోటిస్తే ముందువెనకలు 13 దాకా సాగుతాయి. నడుమ రెండు పక్కలా లోపలికి పొడుచుకొచ్చిన ఎముక మొనలుంటాయి. వాటి మధ్య పదీ పదిన్నర సెంటీమీటర్లే. తల ఎంత దిగిందో చూసే నర్సులకు ఆ మొనలే మైలురాయి. అక్కడికి చేరితే 'సున్నా' అని రాస్తారు.

ఇరుకు గుమ్మంలోంచి మంచం దాటించినవాళ్లకు ఈ కిటుకు తెలుసు, తిప్పకపోతే పట్టదు. బిడ్డ సాధారణంగా తల్లి తుంటి వైపు చూస్తూ లోపలికి దిగుతుంది. కటి అడుగున ఉన్న కండరాలు తగలగానే పావు చుట్టు తిరిగి, ముఖం తల్లి వెన్ను వైపు పెడుతుంది. ముందరి ఎముక కమాను కింద మెడ ఆనించి తల పైకెత్తుతూ బయటపడుతుంది. తల వచ్చాక మళ్లీ పక్కకు తిరుగుతుంది. అప్పుడు భుజాల వంతు.

తల కొలత మెడ వంపును బట్టి మారుతుంది. గడ్డం రొమ్ముకు ఆనించుకుంటే దారికి ఎదురయ్యేది తొమ్మిదిన్నర సెంటీమీటర్లే. మెడ నిటారుగా ఉంటే పదకొండున్నర. నుదురు ముందుకొస్తే 13 దాటుతుంది, నెలలు నిండిన బిడ్డకు ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. పైగా పుర్రె ఎముకలు ఇంకా అతుక్కుని ఉండవు. నొప్పుల ఒత్తిడికి ఒకదాని అంచు ఇంకోదాని మీదికి కొద్దిగా ఎక్కుతుంది, తల సన్నబడుతుంది. ఎదురుకాళ్లతో వచ్చే బిడ్డకు ఈ వెసులుబాటు లేదు. అన్నిటికన్నా పెద్దదైన తల చివర వస్తుంది, ఒదగడానికి వ్యవధి ఉండదు. అలా పుట్టినవాళ్లు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మనవాళ్లు నమ్మారు కానీ, వాళ్లను కన్న తల్లి పడ్డ కష్టం లెక్కలోకి రాలేదు.

మాడులు రెండు. ముందుది నాలుగు మూలలది, గాలిపటంలా వెడల్పుగా ఉంటుంది. వెనకది మూడు గీతలు కలిసే చిన్న చోటు. లోపలికి పంపిన వేలికి వెనక మాడు సులువుగా అందితే బిడ్డ గడ్డం బాగా వంచుకున్నట్టు. గాలిపటం తగిలితే తల ఎత్తి ఉన్నట్టు. వెనక మాడు తల్లి వెన్ను వైపుంటే బిడ్డ ఆమె పొట్ట వైపు చూస్తోందని అర్థం, నడుం పీకేస్తుంది, నొప్పులు ఎక్కువసేపు సాగవచ్చు. లండన్‌లో విలియం స్మెల్లీ 1752లో ప్రసూతి గ్రంథం అచ్చు వేయించడానికి ముందు నుంచే, నిజమైన ఎముకలు, తోలు వాడి చేయించిన బొమ్మల మీద శిష్యులకు ఈ మలుపులు నేర్పాడు. ఇప్పటికీ నర్సింగ్ విద్యార్థినుల చేతిలో ఒక కటి ఎముక, ఒక బొమ్మ తల ఉంటాయి. అందులోంచి ఇది దాటించి చూపించమంటారు.

మన మంత్రసానులకు ఈ కొలతలు అంకెల్లో తెలియవు. గొంతుక్కూర్చోబెట్టడం తెలుసు. వెల్లకిలా పడుకుంటే ఒళ్లు బరువంతా నడుం కిందుండే త్రికాస్థి మీద పడి, తోక ఎముక వెనక్కి జరగడానికి చోటు తగ్గుతుంది. గొంతుక్కూర్చుంటే కింది ద్వారం కొంత తెరుచుకుంటుందని ఎం.ఆర్.ఐ. కొలతలూ చూపాయి, అదీ కొద్ది మిల్లీమీటర్లే. పై ద్వారం ముందువెనకల కొలత మాత్రం అప్పుడు కాస్త తగ్గుతుంది. కాబట్టి ఈ భంగిమకూ వేళ ఉంది, తల కిందికి దిగాక పనికొస్తుంది. తొలి నొప్పుల్లో నడవడం మేలు.

అలాగని పాతదంతా బంగారమని నేను అనను. పొట్ట మీద బలంగా నొక్కడం, దారి పూర్తిగా తెరుచుకోకముందే ముక్కమనడం, ఏ బ్లేడు దొరికితే దానితో బొడ్డు కోయడం ప్రాణాలు తీశాయి. కానీ వాటిని వదిలించుకునే తొందరలో ఓర్పుగా కాచుకునే చెయ్యినీ వదులుకున్నాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే, దేశం మొత్తం మీద 21 చిల్లర. తెలంగాణ స్త్రీల కటి ఒక్కసారిగా ఇరుకైపోలేదు కదా! ముహూర్తాలు, భయం, తీరికలేని ఆసుపత్రులు, బిల్లులు, ఇందులో దేని వాటా ఎంతో తేల్చడం కష్టం. నిజంగా దారి చాలని తల్లికి ఆ కోతే ప్రాణం, అందులో సందేహం లేదు. ఆ ఓర్పును వెనక్కి తెచ్చే ప్రయత్నమూ ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థ, యూనిసెఫ్‌లతో కలిసి నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. తల్లిని నడిపించడం, తనకు నచ్చిన భంగిమలో కననివ్వడం, డాక్టరును ఎప్పుడు పిలవాలో గుర్తించడం ఆ పనిలో భాగం.

ఇన్ని మలుపులు తిరిగి వచ్చిన బిడ్డ తల ఒక్కోసారి సొరకాయలా సాగి ఉంటుంది. చూసినవాళ్లు కంగారుపడి గుండ్రంగా వస్తుందని ఒత్తుతారు. అక్కర్లేదు, కొద్ది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. వెనక మాడు రెండు నెలలకల్లా మూసుకుపోతుంది, అది ఉన్న సంగతి కూడా ఇంట్లో చాలామందికి తెలియదు. ముందుది ఏడాదిన్నర దాకా ఉంటుంది. అమ్మమ్మ ఆముదం అద్దేది దానికే.