99 శాతం అనే భ్రమ

కోల్‌కతాలో కాలేజీ స్ట్రీట్ వెంబడి ఉండే పాత పుస్తకాల దుకాణాలను మీలో కొందరైనా చూసే ఉంటారు. దుకాణమంటే ఒక బల్ల, దాని చుట్టూ పుస్తకాల గుట్టలు. అందరూ అడిగే పుస్తకాలు చేతికందే చోట ఉంటాయి. ఎప్పుడో ఒకరు అడిగేవి ఎక్కడో గోడౌనులో ఉంటాయి. కుర్రాణ్ణి పంపి తెప్పించాలి. రిలేషనల్ డేటాబేసు చేసే పని కూడా ఇలాంటిదే. దాని పట్టికలన్నీ డిస్కులో బ్లాకులుగా ఉంటాయి. తరచు అవసరమయ్యే బ్లాకుల నకళ్ళను మెమరీలో కొంత జాగా కేటాయించుకుని అక్కడ ఉంచుకుంటుంది. ఆ జాగానే బఫర్ క్యాష్ అంటారు.

ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా ఆ క్యాష్ బాగా పనిచేస్తోందో లేదో తేల్చే పద్ధతితోనే. ఆమధ్య ఒక డేటాబేసు కరదీపికను తెలుగు చేస్తుండగా ఒక వాక్యం దగ్గర నా కలం ఆగిపోయింది. అడిగిన బ్లాకుల్లో నూటికి తొంభైకి పైగా మెమరీలోనే దొరికితే డేటాబేసు ఆరోగ్యంగా ఉన్నట్టు, అంతకు తగ్గితే మెమరీ పెంచాలి అని దాని సారాంశం. ఈ శాతాన్ని 'హిట్ రేషియో' అంటారు. ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తయారుచేసే గైడుల్లోనూ ఇదే సూత్రం చూశాను. విద్యార్థులు దీన్ని బట్టీపట్టి ఉద్యోగాల్లో చేరతారు. తర్వాత ఏదో ఒక కార్యాలయంలో కౌంటరు ముందు జనం నిలబడి ఉంటారు, తెర మీద మాత్రం 99 శాతం అని కనిపిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. తిరిగే డిస్కు నుంచి ఒక బ్లాకు తేవడానికి 5 మిల్లీసెకన్లు, మెమరీలో ఉన్న బ్లాకును వెతికి చదవడానికి 10 మైక్రోసెకన్లు పడతాయనుకోండి. ఒక ప్రశ్నకు జవాబు చెప్పడానికి 100 బ్లాకులు చదవాలి, వాటిలో 20 డిస్కు నుంచి రావాలి. హిట్ రేషియో 80 శాతం. పట్టే కాలం సుమారు సెకనులో పదో వంతు. ఇప్పుడు అదే ప్రశ్నను తెలివితక్కువగా రాశారు, లేదా అవసరమైన ఇండెక్సు వేయలేదు. అవే బ్లాకులను మళ్ళీ మళ్ళీ తిరగేస్తూ డేటాబేసు 10 లక్షల సార్లు మెమరీని తడుముతుంది. డిస్కు నుంచి వచ్చేవి ఆ 20 బ్లాకులే. హిట్ రేషియో 99.998 శాతం! పట్టే కాలం 10 సెకన్లకు పైనే. పరీక్షలో రెండోవాడికి డిస్టింక్షను, మొదటివాడికి అక్షింతలు.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఒరాకిల్ నిపుణుడు కేరీ మిల్‌సాప్, 99 శాతం దాటిన హిట్ రేషియో కూడా ఎందుకు చాలదో వివరిస్తూ ఏనాడో ఒక వ్యాసం రాశాడు. ఆస్ట్రేలియాకు చెందిన కానర్ మెక్‌డొనాల్డ్ మరీ కొంటెగా ఒక చిన్న ప్రోగ్రామే రాశాడు. మీకెంత శాతం కావాలో చెబితే చాలు, అంత వచ్చేదాకా అది పనికిమాలిన చదువులు చదివిస్తూ పోతుంది. శాతం పెరుగుతుంది, పని ఒక్కటీ జరగదు.

పని ఎంత జరుగుతోందో లెక్కపెట్టడం ఒకప్పుడు తప్పనిసరి విద్య. కోల్‌కతా ఉత్తరపు అంచున బరానగర్‌లో ఉన్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ 1955లో ఇంగ్లండు నుంచి హెచ్.ఇ.సి.-2ఎం అనే యంత్రాన్ని తెప్పించింది. మన దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటరుగా చెప్పేది దాన్నే. దాని మెమరీ గిరగిరా తిరిగే ఒక డ్రమ్ము. అందులో పట్టేవి 1024 పదాలు, ఒక్కో పదం 16 బిట్లు. అంటే మొత్తం 2 కిలోబైట్లు. ఈనాటి పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో మామూలుగా ఒక్క బ్లాకే 8 కిలోబైట్లు, అలాంటి నాలుగు డ్రమ్ముల పెట్టు! డ్రమ్ము మీద మనకు కావలసిన పదం అప్పుడే ముల్లు దాటిపోయిందంటే, అది మళ్ళీ ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాలి. అలాంటి యంత్రాలకు ప్రోగ్రాము రాసేవారికి శాతాలతో పనిలేదు, ఎన్ని చుట్లు వృథా అయ్యాయన్నదే లెక్క.

కరదీపిక ఇచ్చే రెండో సలహా, మెమరీ పెంచడం. ఇదీ గుడ్డిగా పాటించదగింది కాదు. మన పుస్తకాల బల్ల మీద నాలుగు పుస్తకాలకే చోటుందనుకోండి. చోటు చాలకపోతే అన్నిటికన్నా ముందు వాడి వదిలేసిన పుస్తకాన్ని గోడౌనుకు పంపడం నియమం. ఎల్.ఆర్.యు. అంటే ఇదే. ఇప్పుడు ఒక గిరాకీ అయిదు పుస్తకాలను వరసగా, 1, 2, 3, 4, 5, మళ్ళీ 1, 2 అంటూ అడుగుతున్నాడు. కాగితం మీద రాసి చూడండి, ఒక్కసారి కూడా అడిగిన పుస్తకం బల్ల మీద ఉండదు. బల్లను రెండు పుస్తకాల నుంచి నాలుగు పుస్తకాలకు పెంచినా సున్నా సున్నాయే. అయిదో చోటు దొరికిన క్షణాన, మొదటి చుట్టు తప్ప అన్నీ బల్ల మీదే దొరుకుతాయి. పెద్ద పట్టికను మొదటినుంచి చివరిదాకా చదివేటప్పుడు ఈ బెడద వస్తుంది, పైగా అది మిగతావారికి కావలసిన బ్లాకులనూ తోసేస్తుంది. అందుకే పోస్ట్‌గ్రెస్ 2008లో వచ్చిన 8.3 కూర్పు నుంచి, అలాంటి చదువులకు 256 కిలోబైట్ల చిన్న వలయం ఒకటి విడిగా ఇచ్చి అందులోనే తిరగమంది. మెమరీ పెంచకుండా తెలివితో చేసిన మరమ్మతు ఇది.

మెమరీ ఎంత కొనాలన్న దానికి చక్కని సమాధానం 1987లోనే వచ్చింది. జిమ్ గ్రే, ఫ్రాంకో పుట్జోలు ధరల లెక్క వేశారు. ఆనాడు సెకనుకు ఒకసారి డిస్కును చదివే సామర్థ్యం ఖరీదు సుమారు 2000 డాలర్లు, ఒక కిలోబైటు మెమరీ 5 డాలర్లు. భాగిస్తే 400. అంటే ఒక కిలోబైటు సమాచారం 400 సెకన్లకు ఒకసారైనా అవసరమైతే దాన్ని మెమరీలో ఉంచడమే చవక. దీనికి 'అయిదు నిమిషాల సూత్రం' అని పేరు. ధరలు మారితే నిమిషాలూ మారతాయి. అడగవలసిన ప్రశ్న మాత్రం ఇదే: ఈ బ్లాకు ఎంత తరచుగా కావాలి?

హిట్ రేషియో బొత్తిగా పనికిరాదని కాదు. రోజూ 97 ఉండేది హఠాత్తుగా 70కి పడితే ఏదో మారిందని తెలుస్తుంది. ఏం మారిందో చెప్పడం దాని వల్ల కాదు. పోస్ట్‌గ్రెస్‌లో 'చదివినవి' అని చూపే బ్లాకులైనా అన్నీ డిస్కు నుంచి వచ్చినవి కావు; కొన్ని ఆపరేటింగ్ సిస్టమ్ సొంత క్యాష్ నుంచి వచ్చి ఉండవచ్చు. ఇంట్లో కంప్యూటరు ఉన్నవారు ఉచితంగా దొరికే ఈ డేటాబేసును ఎక్కించుకుని, ఏదైనా ప్రశ్న ముందు 'ఎక్స్‌ప్లెయిన్' ఆదేశాన్ని 'ఎనలైజ్', 'బఫర్స్' అన్న మాటలతో కలిపి ఇచ్చి చూడండి. ఆ ఒక్క ప్రశ్నకు ఎన్ని బ్లాకులు తడమవలసి వచ్చిందో, ఎంతసేపు పట్టిందో కనిపిస్తుంది. తర్వాత ఇండెక్సు వేసి మళ్ళీ చూడండి.

ఇంతకీ నా కరదీపిక సంగతి. మూలంలో ఉన్నదాన్ని మార్చే హక్కు అనువాదకుడికి లేదు. వాక్యాన్ని ఉన్నదున్నట్టే తెలుగు చేసి, పేజీ అడుగున ఆ 80 శాతం, 99.998 శాతం లెక్కను గమనికగా చేర్చాను.