మారాన్ గుడ్డు రంగు

ఫ్రాన్స్ పశ్చిమ తీరాన, లా రోషెల్ దగ్గరి చిన్న ఊరు మారాన్. ఆ ఊరి పేరున్న కోళ్లు ముదురు చాక్లెట్ రంగు గుడ్లు పెడతాయి. వాటిలో ఒక రకానికి నల్లటి ఒళ్లు, మెడ మీద రాగిరంగు ఈకలు, కాళ్ల మీద కూడా సన్నటి ఈకలు. అన్నీ కుదిరిన పుంజు నుంచి చూపు తిప్పుకోలేం.

పెంపకందారుల అసలు నేర్పు మాత్రం గుడ్డు దగ్గరే. పుంజు గుడ్డు పెట్టదు, అయినా కూతుళ్ల గుడ్ల రంగులో దానికీ వాటా ఉంది. అందుకే అది ఏ గుడ్డులోంచి వచ్చిందో రాసుకుంటారు. దాని పెట్టపిల్లలు గుడ్లకొచ్చేదాకా నెలల తరబడి ఆగుతారు. ఆ రంగు పెంకు మీద చివర్లో పడే పూత. పెట్ట గుడ్లు పెట్టేకొద్దీ వెలిసిపోతుంది. ఫ్రెంచి మారాన్ క్లబ్బు రంగుల పట్టిక 1 నుంచి 9 దాకా ఉంటుంది, 4కు తగ్గిన గుడ్డును వాళ్లు ఒప్పుకోరు. ఈకలెంత అందంగా ఉన్నా, లేత గుడ్ల వంశాన్ని పక్కన పెట్టేస్తారు. ఆ పట్టుదలకు నా నమస్కారం.