మెప్పుమాటల పుట్టుక

1920 డిసెంబరు 23వ తేదిని సింగరేణి కంపెనీ నమోదైనది. ఏటేట ఆ దినమున గోదావరిఖని మొదలగు గనిపట్టణములలో ఉత్సవము జరుపుదురు. ఉత్తమ కార్మికులను సన్మానింతురు. అట్టి సభలలో వినవచ్చు మెప్పుమాటలను గూర్చియే మేమిచట విచారింపఁదలఁచితిమి.

'శభాష్' పారసీకము. 'శాద్ బాష్', అనఁగా సంతోషముగా నుండుమని దీవెన. 1948 వఱకు ఉర్దూ రాజభాషగా నుండిన యీ సీమలో నిది పరాయిమాటగాఁ దోఁపదు. కాని దీవెన కాస్తయు యజమాని మెప్పైనది. అధికారి కార్మికుని భుజము తట్టి శభాష్ అనవచ్చును. కార్మికుఁడు అధికారి నట్లనినచో నేమగునో చదువరులే యూహింతురు గాక!

'ధన్యవాదము' సంస్కృతము. ధన్యుఁడనఁగా మొదట ధనము గలవాఁడు, పిదప భాగ్యవంతుఁడు. ఆంగ్లేయుల 'థాంక్స్' తలఁపు అను నర్థముగల మాటకుఁ జుట్టము. సభాంతమున వందనసమర్పణము చేయు వక్త ధన్యవాదములను పదిమార్లు పలుకును. ఎవరేమి చేసిరో మాత్రము తలంపఁడు. కృతజ్ఞత యనఁగా చేసినదాని నెఱుఁగుట కదా!

బొగ్గుబాయికిఁ బోవువారి యిండ్లలో మేలుపొందిన ముసలమ్మ "సల్లగుండు బిడ్డా" యనును. వేసవిలో నిప్పులు చెఱుగు రామగుండమున చల్లఁదనమే సుఖము. 'శాద్ బాష్'కు ఇంతకంటె సరియైన తెలుఁగు మాకు దొరకలేదు. పైగా దీనికి మెట్లు లేవు. ఆమె కలెక్టరునైనను కూలివానినైనను ఒకే మాటతో దీవించును. గనినుండి పైకివచ్చిన కార్మికునితో వేదికమీఁది పెద్దలెవరును ఈ మాట యనఁగా మేము వినలేదు.