పేరు చివరి అక్షరము: మన బైబిలు నామములపై ఒక విమర్శ

నరసరావుపేట ప్రాంత సంఘములలో మేము తరచుగా వినుచున్న మాట ఒకటి కలదు. డేవిడ్, జాన్ అనునవే అసలు పేర్లు, దావీదు, యోహాను అనునవి మనవారు చివర అక్షరము అతికించిన మోటు రూపములు అని. కొందరు యౌవన బోధకులైతే 'యేసు' కంటె 'జీసస్' మూలమునకు దగ్గర అనుచున్నారు. ఈ అభిప్రాయమును పరిశీలింతము.

అక్షరము చేరిన మాట నిజమే. తెలుగు అజంత భాష. హల్లుతో ముగియు పేరు మన నోటికి వచ్చినప్పుడు ఉకారము చేరును. బస్సు, రోడ్డు అన్నట్లే దావీదు, యాకోబు, పౌలు అనుచున్నాము. లూకా, యూదా అచ్చుతోనే ముగియును గనుక వాటికేమియు చేరలేదు. ఈ ఉకారము విభక్తి ప్రత్యయము కాదు. 'దేవుడు' అను మాటలోని 'డు' ప్రథమా విభక్తి. 'దేవుని' అన్నప్పుడు తొలగును. 'దావీదు'లోని దకారము పేరులోనిదే. 'దావీదుకు' అన్నను నిలుచును.

అయితే 'జీసస్' మూలరూపమనుట పొరపాటు. దాని చివరి సకారము హెబ్రీలో లేదు. 'యేషూవ' అను పేరును గ్రీకువారు 'ఇయేసూస్' అనిరి. ఆ సకారము గ్రీకు ప్రథమా విభక్తి. సంబోధనలో అది రాదు. మార్కు 10:47లో బర్తిమయి వేసిన కేక గ్రీకులో 'ఇయేసూ' అనియే యున్నది. మన పిలుపునకు అది ఎంత సమీపము! అట్లే హెబ్రీ 'యోహానాను'కు 'జాన్' కంటె 'యోహాను'యే దగ్గర. దీనినిబట్టి తెలుగు అధికమని కాదు. ప్రతి భాషయు తన తోకను తాను తగిలించును.

మనము నిజముగా సిగ్గుపడవలసిన ప్రత్యయము వేరొకటి కలదు. పల్నాటి పల్లెలలో పెద్ద కులమువాని పేరునకు 'గారు', తక్కువగా ఎంచబడినవాని పేరునకు 'గాడు' చేరుచు వచ్చెను. బాప్తిస్మము పొందినను యాకోబు వీధిలో 'యాకోబుగాడే'. సంఘములో మాత్రము 'యాకోబయ్య' ఆయెను. అది సువార్త చేసిన పని. కాని నేడు ప్రకటనలలో ఉద్యోగస్థునికి 'గారు' చేర్చి, కూలివానికి వట్టి పేరుతో సరిపెట్టుచున్నాము. కానుకల జాబితా చదువుచు మేమును ఈ తప్పు చేసితిమి. ఆ వృద్ధురాలు ఏమియు అనలేదు, అందుచేతనే మరచిపోలేకున్నాము.

ఆదికాండము 17వ అధ్యాయములో అబ్రాము పేరు నడుమ, శారయి పేరు చివర దేవుడు ఉంచినది హెబ్రీ 'హే' అను ఒక్క అక్షరమే. దానితో వాగ్దానమును ఉంచెను. కనుక తోటి సేవకులారా, 'దావీదు' అని నిస్సంకోచముగా పలుకుదము. పలికిన ప్రతి పేరు చివర 'గారు' చేర్చుదము.