టెలిఫోనులో నర్సు సలహా - గుణదోష విచారణ

రోగిని చూడకుండా, నాడి పట్టకుండా వైద్య సలహా చెప్పవచ్చునా? ఇంగ్లండు ఈ ప్రశ్నను పెద్దయెత్తున పరీక్షించి చూసింది. 1998 మార్చిలో ‘ఎన్.హెచ్.ఎస్. డైరెక్ట్’ అనే పేరుతో, రాత్రింబవళ్ళు నర్సులే టెలిఫోనులో సలహా చెప్పే సేవ మూడు ప్రాంతాలలో ప్రారంభమయింది. 2000 చివరికి ఆ దేశమంతటా వ్యాపించింది. 2014లో ముగిసింది. కాబట్టి దాని మంచిచెడ్డలను ఇప్పుడు నిదానంగా తూచవచ్చును.

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. ఆ నర్సు రోగానికి పేరు పెట్టదు; తొందర ఎంత ఉన్నదో నిర్ణయిస్తుంది. ఇంటివద్దనే ఉండవచ్చునా, రేపు డాక్టరును చూడవలెనా, ఇప్పుడే ఆసుపత్రికి పోవలెనా అనే మూడింటిలో ఒకటి తేల్చడమే ఆమె పని. సాల్స్‌బరీ ప్రాంతంలో 14 వేలకు పైగా పిలుపులపై జరిగిన పరిశీలన 1998లో వెలువడింది. దానిలో నర్సులు దాదాపు సగం పిలుపులను డాక్టరుదాకా పోనీయకుండానే పరిష్కరించారు. అందువలన ప్రమాదాలేమీ పెరుగలేదు.

లోపాలూ లేకపోలేదు. మనిషి చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనాలను వినగలదు. పాత టెలిఫోను తీగ 300 మొదలు 3,400 వరకు గలవాటిని మాత్రమే చేరవేస్తుంది. ఇక కన్ను, స్పర్శ అసలే లేవు. కనుక నర్సు తల్లి కన్నులతో చూచి, తల్లి చేతులతో తాకవలెను. జ్వరంతోపాటు ఒంటిమీద మచ్చలు ఉన్నవంటే, గాజుగ్లాసును వాటిపై అదిమి చూడమంటుంది. అదిమినా రంగు తగ్గకపోతే ప్రాణాపాయ సూచన; వెంటనే ఆసుపత్రికి పోవలెను. అయితే నల్లని చర్మంపై ఈ మచ్చలు స్పష్టంగా కనబడవు. అరచేతులు, అరికాళ్ళు, కనురెప్పల లోపలిభాగం చూడమని అడగాలి. తెల్లని చర్మాన్ని తలచుకొని కూర్చిన ప్రశ్నలు మనకు యథాతథంగా పనికిరావు.

అసలు విమర్శ ఇక్కడ ఉన్నది. ఎన్.హెచ్.ఎస్. డైరెక్ట్ స్థానంలో వచ్చిన ‘111’ సేవలో మొదట పలికేవారు నర్సులు కారు; శిక్షణ పొంది, కంప్యూటరు చూపే ప్రశ్నలను అడిగేవారు. నర్సు అవసరమైనచోట మాత్రమే కలుగజేసుకొంటుంది. నాలుగు ప్రాంతాలలో జరిగిన తొలి ప్రయోగంపై 2013లో వెలువడిన పరిశీలన ప్రకారం, ఆంబులెన్సుల రాకపోకలు తగ్గకపోగా కొంత పెరిగినవి. ఇందులో వింత లేదు. ప్రశ్నల పట్టిక అందరికీ ఒకటే. గొంతులోని తడబాటును, చెప్పక దాచిన మాటను పసిగట్టేది అనుభవం. అది లేనివారు సందేహం వచ్చినప్పుడల్లా ఆంబులెన్సువైపే మొగ్గడం సహజం.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 నంబరుతో ఆరోగ్య సలహా సేవ మొదలయింది. ఇటువంటి సేవలను ఎన్ని పిలుపులు వచ్చినవన్న లెక్కతో తూచరాదు; వినేవారి అనుభవంతో తూచవలెను.

చెప్పేవారికీ బాధ్యత కలదు. జ్వరం ఎన్ని డిగ్రీలు, ఎప్పటినుండి, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు అన్నవి ముందే చూచుకొనవలెను. దగ్గుతో ఉన్న ఏడాది దాటిన పసిబిడ్డ నిమిషానికి 40 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తే ఆలస్యం పనికిరాదు. గడియారం పెట్టుకొని ఊపిరి లెక్కించడం ఉన్నత పాఠశాల విద్యార్థికి ఒక్క పీరియడులో నేర్పవచ్చును.