గొబ్బెమ్మ నుంచి రథసప్తమి దాకా

ధనుర్మాసం నెల పట్టిన రోజు నుంచి మా అమ్మమ్మకు తెల్లారగట్టే పేడతో పని. ఉయ్యూరు దగ్గర పల్లె. కాలవగట్టు దిగి మంచు వాకిట్లోకి వచ్చేసేది. పేడ పలచనైతే గొబ్బెమ్మ కూలబడుతుంది, గట్టిపడితే పగులుతుంది. "చెవి తమ్మెలా మెత్తగా ఉండాలే" అంటూ రెండు అరచేతుల మధ్య తిప్పేది. అడుగు వెడల్పుగా, పైకి సన్నంగా తేల్చి, తల మీద బొటనవేలితో చిన్న గుంట నొక్కేది. ఆ గుంటలో గుమ్మడి పువ్వు కాడ గుచ్చి, మీద బియ్యప్పిండి చల్లి, పసుపు కుంకుమ అద్దేది. పెద్ద గొబ్బెమ్మ ముగ్గు నడుమ, చిన్నవి చుట్టూ. పెద్దది గౌరమ్మ అని ఒకరంటారు, గోదాదేవి అని ఇంకొకరంటారు. మా అమ్మమ్మ రెండూ అనేది.

మర్నాడు ఆ గొబ్బెమ్మలే పిడకలయ్యేవి. చిన్న పిడకలు కొన్ని పిల్లల చేతి దండలుగా భోగిమంటలోకి వెళ్లేవి. మిగిలినవి రథసప్తమి దాకా దాచేది. మాఘమాసంలో ఆ పొద్దున తులసికోట ముందు, ఎండ పడేచోట, ఆ పిడకల మీదే ఇత్తడి గిన్నెలో పాలు పొంగించి పరమాన్నం వండేది. చిక్కుడుకాయలకు ఈనెపుల్లలు గుచ్చి రథం చేసి, చిక్కుడాకుల్లో సూర్యుడికి నైవేద్యం పెట్టేది. పొయ్యిలో మిగిలిన బూడిద వంగ మొక్కల ఆకుల మీద చల్లేది. పశువు నుంచి వచ్చింది అమ్మవారై, వంటచెరకై, చివరికి మొక్కల దగ్గరికి చేరింది. నెలకు పైగా సాగే ఈ పూజలో పురోహితుడి అవసరం ఒక్కచోట కూడా రాదు.

ప్రకృతిని కొలిచే ఇలాంటి దారి ఇంకొకటుందని విని, ఈ మధ్య విజయవాడలో చదువుకుంటున్న పిల్లలు కొందరు విక్కా గురించి అడుగుతున్నారు. ఐరోపాలో క్రైస్తవానికి ముందున్న ప్రకృతి ఆరాధనను మళ్లీ నిలబెట్టాలని పుట్టిన మతం అది. ఇంగ్లండులో మంత్రవిద్యల చట్టం 1951లో రద్దయింది. మూడేళ్లకు, 1954లో, జెరాల్డ్ గార్డ్‌నర్ అనే రిటైరైన కస్టమ్స్ అధికారి తన పుస్తకంతో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. మన దేశంలో ఈ పేరు వినిపించడానికి ముఖ్య కారణం కోల్‌కతాకు చెందిన, తనను మంత్రగత్తెనని చెప్పుకున్న ఇప్సితా రాయ్ చక్రవర్తి. మంత్రగత్తె అన్న మాట వినగానే మనకు చేతబడి గుర్తొస్తుంది. ఆ అనుమానంతోనే మన పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపారు కూడా. విక్కాకు దానితో సంబంధం లేదు. ఎవరికీ హాని చేయకూడదన్నది వాళ్ల మూలసూత్రం. దేవుడితో పాటు దేవతనూ కొలుస్తారు, పూజ నడపడంలో స్త్రీలకు పెద్ద స్థానం ఉంటుంది.

వాళ్లకు ఏడాదిలో ఎనిమిది పండగలు. డిసెంబరు 21 ప్రాంతంలో పొద్దు మళ్లే యూల్, మే 1న మంటలు వేసే బెల్టేన్, ఆగస్టు 1న కొత్త గోధుమల రొట్టె చేసే లామస్, అక్టోబరు 31న పెద్దల్ని తలుచుకునే సావిన్, ఇంకో నాలుగు. ఈ పండగల చక్రం పాతదిలా కనిపిస్తుంది కానీ ఎనిమిదింటినీ ఇలా ఒక వరుసకు తెచ్చింది 1950ల్లోనే. తెగిపోయిన దారాన్ని వెతికి ముడివేసుకున్నారు. నాకు వాళ్ల మీద గౌరవం కలిగేది అందుకే. ఇలాంటివాళ్లను పిలిచే 'పేగన్' అన్న మాటకు లాటిన్ మూలంలో అర్థం పల్లెటూరివాడు. మన భాషలో జానపదుడు.

అయితే ఆ ఎనిమిది పండగల్నీ తెచ్చి బెజవాడలో చేసుకుంటే అతకవు. ఆగస్టు 1న ఇక్కడ గోధుమ ఎక్కడ? ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో వరినాట్లు వేస్తుంటారు. లండన్‌లో డిసెంబరు పగలు ఎనిమిది గంటలైనా ఉండదు, అక్కడ సూర్యుడు మళ్లడమంటే ప్రాణం లేచి రావడమే. విజయవాడలో ఏడాదిలోకెల్లా చిన్న పగలు కూడా పదకొండు గంటలు దాటుతుంది. ఆస్ట్రేలియాలోని విక్కన్లు అక్కడి ఋతువులకు తగ్గట్టు చక్రాన్ని తిరగేసి యూల్‌ను జూన్‌లో చేసుకుంటారు. ఆ పని సరైనది. ఏ నేల పండగ ఆ నేల మీదే తిరగాలి.

కృష్ణా డెల్టా చక్రాన్ని తిప్పేది నీళ్లు. 1855లో ఆనకట్ట, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చాక మన ఏడాది కాలవకు నీళ్లు వదిలిన రోజున మొదలవుతుంది. జ్యేష్ఠంలో ఏరువాక పున్నమికి ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులేసి, తొలి చాలు దున్నుతారు. ఆషాఢంలో ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ మూడు రోజులు శాకంబరి అవుతుంది. కాయగూరలతో, ఆకుకూరలతో గుడంతా తోటలా మారుతుంది. భక్తులకు కదంబం పెడతారు. ఆశ్వయుజంలో దసరా నాడు కృష్ణలో హంస వాహనం, తర్వాత అట్లతద్ది ఉయ్యాల. ఇక కోతలయ్యాక సంక్రాంతి.

సంక్రాంతి కూడా ఒకప్పుడు పొద్దు మళ్లే రోజే. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాల లెక్కకూ ఋతువుల లెక్కకూ సుమారు డెబ్బై ఏళ్లకు ఒక రోజు తేడా పడుతుంది. పదిహేడు వందల ఏళ్ల కిందట రెండూ ఒకేనాడు వచ్చేవి. ఇప్పుడు మూడు వారాలు దాటింది. దీన్ని తప్పని దిద్దబోయేవాళ్లున్నారు. మన పండగ పొద్దుకన్నా గాదెను చూసుకుని వస్తుంది, గాదె నిండేది జనవరికే.

కనుమ నాడు మినుము తినాలంటారు. డెల్టాలో వరి కోయకముందే ఆ చేలోనే మినుములు చల్లుతారు. వరి మోళ్ల మధ్య మిగిలిన తేమతోనే అది లేస్తుంది. మనం గారెలు తినే పొద్దుకు ఆ మొక్క పొలంలో పచ్చగా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ప్రియమైనది వరికంకుల కుచ్చు. ఇంగ్లండులో కోతలో చివరి పనను అల్లి బొమ్మ చేసి, ధాన్యపు ప్రాణం అందులో ఉంటుందని మళ్లీ విత్తేదాకా దాచేవారు. ఇప్పటి పేగన్లు ఆ అల్లిక మళ్లీ నేర్చుకుంటున్నారు. మన రైతులు అల్లిన కుచ్చు పిచ్చుకలకు. కంకుల్ని కాస్త పచ్చిగా ఉండగానే కాడతో సహా కోసి, ఆకు దూసి, కాడ విరగకుండా తడిపి, జడలా పేనుతూ పాయ పాయకూ కొత్త కంకులు చేరుస్తారు. గింజలన్నీ బయటికి వేలాడాలి. చూరుకు కడితే పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ తింటాయి. యంత్రం కోసే పొలంలో పొడవాటి కాడ మిగలదు. కోత ముందు రోజు మనిషి వెళ్లి గుప్పెడు కంకులు చేత్తో కోసుకు రావాల్సిందే.

భోగిమంట సంగతి కూడా చెప్పాలి. తాటి మట్టలు, ఎండుకొమ్మలు, పిడకలు వేసి, ఆ సెగ మీద కాగిన నీళ్లతో స్నానం చేసిన మంట అది. ఇప్పుడు వీధుల్లో టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు కాలుస్తున్నారు. ఆ పొగను పిల్లల తల మీద రేగుపళ్లు పోసే రోజున పీల్చడం పాపం. టైర్లూ ప్లాస్టిక్కే దిక్కయితే మంట వేయకుండా ఉండటమే మేలు.

డిసెంబరు 16 ప్రాంతంలో మళ్లీ నెల పడుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉన్నా ఫర్వాలేదు. గుమ్మం ముందు చిన్న ముగ్గేసి, ఒక్క గొబ్బెమ్మ పెట్టండి. మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే పేడ ఆమె చేత కలిపించండి, పిల్లల చేత చేయించండి. ఆ పిడకను మాత్రం పారేయకండి, రథసప్తమికి కావాలి.